సరిహద్దు మారినప్పుడు సామాన్యుడు

ఒక రాజకీయ సమాఖ్యలో భాగంగా ఉన్న దేశం గాని, రాష్ట్రం గాని దాని నుండి విడిపోవడం ఒక చట్టంతో, ఒక తేదీతో ముడిపడి చరిత్ర గ్రంథాలకెక్కుతుంది. ఆనాడు పతాకాలు మారుతాయి, ప్రమాణ స్వీకారాలు జరుగుతాయి. సామాన్యునికి మాత్రం ఆ మార్పు ఆనాడే ఎదురుపడదు. ఒక దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు, కొత్త బండి కొన్నప్పుడు, కూతురును కళాశాలలో చేర్పించబోయినప్పుడు అది కొద్దికొద్దిగా తెలియవస్తుంది.

ఇటీవలి కాలంలో ప్రపంచమంతా గమనించిన ఉదాహరణ బ్రిటన్. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుండి వైదొలగాలని తీర్పు చెప్పారు. 2020 జనవరి 31న ఆ దేశం సమాఖ్యను వీడింది. ఆ మరునాడు ఎవరి దైనందిన జీవితంలోనూ పెద్ద తేడా కనిపించలేదు. పరివర్తన కాలం 2020 డిసెంబరు 31తో ముగిసిన తరువాతనే కాగితాల భారం మొదలైంది. చేపలు, మాంసం ఐరోపాకు పంపే వ్యాపారులకు ఆరోగ్య ధ్రువపత్రాలు అవసరమయ్యాయి. ఫ్రాన్సుకో, స్పెయినుకో వెళ్లే బ్రిటిషు పౌరునికి 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదన్న నియమం వర్తించింది. బ్రిటనులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పోలండు, రుమేనియా కార్మికులు తమ ఇంటిలో తాము ఉండడానికి ప్రత్యేకంగా దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. మరొకవైపు, ఐరోపావారికీ ఇతర దేశాలవారికీ ఒకే వలస విధానం ఏర్పడింది. 2021 జులై 1 నుండి విదేశీ విద్యార్థులకు చదువు పూర్తయిన పిదప కొంతకాలం అక్కడే ఉద్యోగం చేసుకొనే వీలు కలిగింది. ఆ వీలును వినియోగించుకొన్నవారిలో తెలుగు విద్యార్థులు కూడా ఉన్నారు. ఒకరికి మూసుకొన్న తలుపు మరొకరికి తెరుచుకోవడం ఇటువంటి మార్పులలో తరచుగా కనిపించే లక్షణం.

ఇది దూరదేశపు ముచ్చటగా తోచవచ్చు. కాని, పెద్దపల్లిలో 1940లో జన్మించి, ఊరు కదలకుండా జీవించిన ఒక వ్యక్తిని ఊహించుకోండి. అతడు నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో పుట్టాడు. 1948 సెప్టెంబరులో ఆ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న అతని ఊరు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ నుండి విడివడి తెలంగాణలో ఉంది. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుండి వేరుపడి తానే ఒక జిల్లా కేంద్రమైంది. ఇల్లు అదే, ఊరి మీదుగా సాగే కాజీపేట–బల్లార్షా రైలుమార్గం అదే. చిరునామా మాత్రం నాలుగుసార్లు మారింది. కలియడమైనా విడిపోవడమైనా సామాన్యునికి ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఒకటే: నా డబ్బు చెల్లుతుందా? నా చదువు చెల్లుతుందా? నన్ను స్థానికుడని ఎవరు ఒప్పుకొంటారు?

మొదటి ప్రశ్నకు ఈ ప్రాంతపు పెద్దలు 1948 తరువాత జవాబు వెతుక్కోవలసి వచ్చింది. అప్పటివరకు ఇక్కడి రైతు చేతిలో మెలిగిన రూపాయి హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని జనం కల్దారు అనేవారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు అన్నది మారకపు లెక్క. రాజ్యపు ఎల్లలలో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు ఉండేవి. రాజ్యం భారతదేశంలో కలిసినా ఈ ఏర్పాట్లు ఒక్కనాటితో తొలగిపోలేదు. భారత రూపాయి ఇక్కడ 1950లో ప్రవేశించింది. హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా రద్దయింది 1959లో. నడుమ తొమ్మిదేళ్లు రెండు నాణేలూ ఒకే సంతలో తిరిగాయి. నూరు హాలీ రూపాయలు భారత రూపాయలలో 86కు కూడా చేరవు. అప్పు ఏ రూపాయలలో తీసుకొన్నారు, ఏ రూపాయలలో తీరుస్తున్నారు అన్న మాట తేలకపోతే ఆ తేడా ఎవరి వైపు మొగ్గుతుందో చెప్పనక్కర లేదు. లెక్క తెలిసిన షావుకారు, వేలిముద్ర వేసే రైతు ఎదురెదురుగా కూర్చున్న చోట నాణెం మార్పు కేవలం ఆర్థిక శాస్త్ర విషయం కాదు.

భాష సంగతి కూడా ఇటువంటిదే. కచేరీలలో, పాఠశాలలలో ఉర్దూకు ఉన్న స్థానం క్రమంగా తెలుగుకూ ఇంగ్లీషుకూ దక్కింది. తెలుగు బిడ్డలకు తల్లిభాషలో చదువు అందడం గొప్ప మేలు. అయితే ఉర్దూలో చదివి, ఉర్దూలోనే దస్తావేజులు రాసి జీవనం సాగించిన గుమాస్తాకు నడివయసులో తన విద్య పాతబడింది. రాజ్యం పోయినా దాని పలుకుబడి మాత్రం భూమిని విడిచి పోలేదు. పహాణీ, సేత్వారు, ఖాస్రా, తహసీలు అన్న మాటలు ఆ తరువాత కూడా మన రైతు నోట వినిపిస్తూనే వచ్చాయి.

1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల ప్రాతిపదికపై మూడుగా విభజించారు. మరాఠీ మాట్లాడే జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రానికి, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. మన పొరుగున ఉన్న ఆదిలాబాదు జిల్లా నుండి రాజురా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో చేరగా, నాందేడు జిల్లాలోని ముథోల్, భైంసా ప్రాంతాలు ఆదిలాబాదుకు వచ్చాయి. తెలుగు, మరాఠీ, గోండీ కలగలిసిన గ్రామాల నడుమ గీసిన గీత కనుక ఎటు గీసినా కొందరు అవతల మిగిలిపోక తప్పలేదు.

తెలంగాణ ప్రాంతం ఆంధ్రతో కలియడం కొన్ని హామీలతో జరిగింది. ఉద్యోగాలు, విద్య, ఆదాయం ఖర్చు మొదలైన విషయాలలో తెలంగాణకు రక్షణలు కల్పిస్తూ 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. వాటి అమలుపై అసంతృప్తే 1969 ఉద్యమానికి మూలం. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, దానికి వ్యతిరేకంగా కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. అటుపిమ్మట 1973లో ఆరు సూత్రాల పథకం, దాని ఆధారంగా రాజ్యాంగంలో 371–డి అధికరణం వచ్చాయి. విశ్వవిద్యాలయ ప్రవేశాలకు 1974లో, ఉద్యోగాలకు 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు ‘స్థానిక అభ్యర్థి’ అన్న మాటకు చట్టబద్ధమైన నిర్వచనం ఇచ్చాయి. ఇంటర్మీడియట్ విద్యార్థి జీవితాన్ని ఇంతగా ప్రభావితం చేసే మాట మరొకటి లేదు కనుక దీనిని గుర్తుంచుకోవడం అవసరం.

ఇక 2014 నాటి విభజన. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆ సంవత్సరం ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. పది జిల్లాలతో తెలంగాణ, పదమూడు జిల్లాలతో ఆంధ్రప్రదేశ్ జూన్ 2న వేర్వేరు రాష్ట్రాలయ్యాయి. బ్రిటన్ విషయానికీ దీనికీ మౌలికమైన తేడా ఉంది. తెలంగాణ ఒక రాష్ట్రం నుండి విడిపోయిందే గాని భారత సమాఖ్య నుండి కాదు. రూపాయి మారలేదు, పాస్‌పోర్టు, రైల్వే, తపాలా, సర్వోన్నత న్యాయస్థానం మారలేదు. పెద్దపల్లి నుండి విజయవాడకు వెళ్లేవారిని ఆపి అనుమతిపత్రం అడిగేవారు లేరు. అందువలన ఇక్కడ మార్పు సరిహద్దు ద్వారాల వద్ద గాక కార్యాలయాల కిటికీల వద్ద ఎదురైంది.

కంటికి మొదట కనిపించింది వాహనాల సంఖ్య. ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగర్ జిల్లా బండికి ఏపీ 15 అని ఉండేది. 2014 తరువాత కొన్న బండి టీఎస్ 02 అయింది. పెద్దపల్లి జిల్లా ఏర్పడిన పిమ్మట కొన్నది టీఎస్ 22. 2024 మార్చి నుండి రాష్ట్ర సంకేతాక్షరాలు టీజీ అయ్యాయి. పాత బండ్లు పాత అక్షరాలతోనే తిరుగుతున్నందున, తాత స్కూటరు మొదలు మనుమరాలి వాహనం వరకు ఒకే వాకిటిలో నాలుగు రకాల పలకలు కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర లేదు.

దీనివలన ఎవరికీ నష్టం లేదు. లారీల విషయం అటువంటిది కాదు. రవాణా అనుమతులు పాత పద్ధతిలోనే సాగడానికి చట్టం ఇచ్చిన గడువు 2015 మార్చి 31తో తీరింది. ఆ మరునాటి నుండి ఆంధ్రప్రదేశ్ రవాణా వాహనాలపై తెలంగాణ పన్ను విధించింది. సుల్తానాబాదు, పెద్దపల్లి బియ్యపు మిల్లుల నుండి కృష్ణా, గుంటూరు వైపు పోయే సరకు అంతకుముందు ఒకే రాష్ట్రంలోని అమ్మకం. ఇప్పుడది రాష్ట్రాంతర వ్యాపారం. కేంద్ర అమ్మకపు పన్ను, సి ఫారాలు, తనిఖీ కేంద్రాలు నడుమ చేరాయి. 2017 జులై 1న వస్తుసేవల పన్ను వచ్చి ఈ చిక్కులను చాలావరకు తొలగించింది. ఆర్టీసీ కార్యకలాపాలు 2015లో రెండుగా చీలినా, బస్సులు మునుపటివలెనే నడుస్తుండడంతో అంతర్రాష్ట్ర ఒప్పందం లేదన్న సంగతిని ప్రయాణికులు పట్టించుకోలేదు. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆగిన బస్సులు తిరిగి రెండు రాష్ట్రాల మధ్య కదలడానికి మాత్రం ఆ కాగితమే అడ్డువచ్చింది. నవంబరు 2న ఒప్పందంపై సంతకాలు జరిగిన పిమ్మటనే అవి నడిచాయి. రాయవలసిన కాగితం రాయకుండా ఎన్నాళ్లు గడపవచ్చునో, అది ఏనాడు అవసరపడుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

చదువుల విషయంలో ఈ మార్పు అన్నింటికంటె లోతుగా పనిచేసింది. 2014లో ఎంసెట్ ఉమ్మడిగానే జరిగింది. 2015 నుండి ఇంటర్మీడియట్ పరీక్షలు, ఎంసెట్ రెండు రాష్ట్రాలలో వేర్వేరయ్యాయి. అయితే విభజన చట్టంలోని 95వ సెక్షను, ఉన్నత విద్యా ప్రవేశాలలో అప్పటికి ఉన్న కోటాలు పదేళ్లపాటు కొనసాగాలని నిర్దేశించింది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలలో ఎక్కడైనా 85 శాతం సీట్లు స్థానికులకు, మిగిలిన 15 శాతం అందరికీ. ఆ 15 శాతంలో విజయవాడ విద్యార్థి హైదరాబాదులోను, పెద్దపల్లి విద్యార్థి విశాఖపట్నంలోను పోటీపడవచ్చు. 2024 జూన్ 2తో ఆ పదేళ్లూ ముగిశాయి. 2025–26 ప్రవేశాల నుండి తెలంగాణ ఆ 15 శాతాన్ని కూడా తన రాష్ట్రానికి సంబంధించినవారికే పరిమితం చేసింది. ఇక్కడి విద్యార్థికి ఇంటిదగ్గర కొంత పోటీ తగ్గింది. పొరుగు రాష్ట్రంలో ఉండిన అవకాశం కుదించుకుపోయింది. లాభనష్టాలను బేరీజు వేసేటప్పుడు రెండో మాటను చాలామంది మరచిపోతారు.

ఇందులోనే మరొక చిక్కు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో పదవ తరగతి కాగానే పిల్లలను విజయవాడ, గుంటూరు ప్రాంతపు కళాశాలలకు పంపడం కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల తల్లిదండ్రులలో ఒక ఆనవాయితీగా ఉండేది. వైద్య విద్యపై ఆశ ఉన్నవారికి అది ఒక పెట్టుబడి. తెలంగాణ ప్రభుత్వం 2024లో వైద్య కళాశాలల ప్రవేశ నియమాలను సవరించి, అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు, రాష్ట్రంలోనే చదివినవారిని స్థానికులుగా పరిగణించాలని నిర్ణయించింది. తాతముత్తాతల నుండి తెలంగాణలో నివసిస్తున్న కుటుంబపు బిడ్డ కూడా రెండేళ్లు కృష్ణా నది అవతల చదివితే సొంత రాష్ట్రంలో స్థానికేతరుడయ్యే పరిస్థితి వచ్చింది. విద్యార్థులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నియమాలను సమర్థించింది. వృత్తిరీత్యా బయట ఉండవలసి వచ్చే కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి. ప్రభుత్వ వాదంలో బలముంది: ఇక్కడ చదివి, ఇక్కడ వైద్యం చేసేవారు కావాలంటే ఇక్కడివారిని ఎలాగో ఒకలాగు గుర్తించాలి. కాని పదిహేనేళ్ల వయసులో తల్లిదండ్రులు ఎంపిక చేసిన వసతిగృహం ఒక విద్యార్థి స్థానికతను నిర్ణయించడం కఠినమైన విషయమే.

ఉద్యోగాలకు లెక్క వేరు. 2018 ఆగస్టులో వెలువడిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ఏడు జోన్లుగా ఏర్పడింది. పెద్దపల్లి జిల్లా ఆసిఫాబాదు, మంచిర్యాల, భూపాలపల్లి, ములుగు జిల్లాలతో కలిసి కాళేశ్వరం జోన్‌లో ఉంది. నియామకాలలో 95 శాతం స్థానికులకే. ఒకటి నుండి ఏడవ తరగతి వరకు గల చదువులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. కనుక వైద్య కళాశాల కోరేవాడు ఇంటర్మీడియట్ ఎక్కడ చదివాడో, ఉద్యోగం కోరేవాడు అక్షరాలు ఎక్కడ దిద్దాడో చూపాలి. ఇవి రెండూ వేర్వేరు ధ్రువపత్రాలు. ప్రాథమిక పాఠశాల నుండి బోనఫైడు పత్రం తెచ్చుకోవడాన్ని వాయిదా వేసేవారు ఈ సంగతి తెలిసి వాయిదా వేయాలి.

విభజన మన జిల్లాను తాకిన మరొక చోటు రామగుండం. పంటను, పన్నును, పదవులను పంచుకోవచ్చు. భూమిలోని బొగ్గును, నేలమీది విద్యుత్ కేంద్రాన్ని మోసుకొనిపోవడం సాధ్యం కాదు. చట్టం ఇందుకు వేర్వేరు సూత్రాలను పాటించింది. సింగరేణి సంస్థలో 51 శాతం వాటా తెలంగాణకు, 49 శాతం కేంద్రానికి ఉంటుందని, అప్పటికి ఉన్న బొగ్గు సరఫరా ఒప్పందాలు మారవని పేర్కొంది. గోదావరిఖని కార్మికుడు తవ్విన బొగ్గు రాయలసీమ థర్మల్ కేంద్రానికి వెళ్లడం విభజనతో ఆగవలసిన అవసరం లేదన్నమాట. జెన్‌కో విద్యుత్ కేంద్రాలు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానివి. విద్యుత్తు పంపకానికి మాత్రం జనాభాను గాక గత వినియోగాన్ని ప్రమాణంగా తీసుకొన్నారు. జనాభా లెక్కన తెలంగాణ వాటా 41.68 శాతం, వినియోగం లెక్కన 53.89 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాను అందరికంటె ముందు గుర్తించవలసినవాడు బోరుబావి మోటారుపై ఆధారపడే రైతు. తెలంగాణలో సాగునీరు కాలువల కంటె మోటార్ల మీద ఎక్కువగా నడుస్తుంది కనుకనే ఇక్కడి వినియోగం అంత ఉంది.

పంచుకొన్న విద్యుత్తు తగవులు కూడా తెచ్చింది. బకాయిల వివాదంతో 2017 జూన్‌లో రెండు రాష్ట్రాల మధ్య సరఫరా నిలిచిపోయింది. అంతకుముందు 2015 జూన్‌లో తెలంగాణ విద్యుత్ సంస్థలు ఆంధ్రప్రదేశ్ స్థానికత గలవారంటూ 1,157 మంది ఉద్యోగులను విధుల నుండి తప్పించాయి. వారిని చేర్చుకోవడానికి ఆంధ్రప్రదేశ్ సంస్థలు సిద్ధపడలేదు. 2018లో సుప్రీంకోర్టు జస్టిస్ డి.ఎం. ధర్మాధికారి ఏకసభ్య కమిటీని నియమించింది. చిక్కు విడేసరికి 2020 వచ్చింది. ఎవరు ఏ రాష్ట్రపు ఉద్యోగి అన్నది కాగితం మీద చిన్న ప్రశ్న. ఇంటి అద్దె, పిల్లల చదువు, అప్పుల వాయిదాలు ఉన్నవారికి అది అయిదేళ్ల ప్రశ్న.

చట్టం తెలంగాణకు 4,000 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని ఎన్టీపీసీ ద్వారా ఇస్తామన్నది. రామగుండంలో 800 మెగావాట్ల మొదటి యూనిట్ 2023 అక్టోబరులో, రెండవది 2024 మార్చిలో జాతికి అంకితమయ్యాయి. ఇది విభజన ఫలితమే. అయితే 2014 తరువాత జరిగినదంతా విభజన వలననే జరిగిందనుకోవడం సరికాదు. 1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్త యూరియా కర్మాగారం 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించింది. అది దేశవ్యాప్తంగా మూతపడిన యూరియా కర్మాగారాలను పునరుద్ధరించాలన్న కేంద్ర విధానంలో భాగం. వెనుక జరిగిన దానికల్లా ముందు జరిగినదే కారణమనడం రాజకీయ వేదికలకు నప్పుతుంది, చరిత్ర విద్యార్థికి నప్పదు.

పంపకాలు ఇంకా ముగియలేదు. చట్టంలోని తొమ్మిదవ షెడ్యూలులో 91, పదవ షెడ్యూలులో 142 సంస్థలు ఉన్నాయి. 1968లో స్థాపితమై ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలను అచ్చువేస్తూ వచ్చిన తెలుగు అకాడమీ కూడా పదవ షెడ్యూలులోనిదే. దాని ఆస్తులు, ఉద్యోగుల పంపకం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో ఆంధ్రప్రదేశ్ తెలుగు–సంస్కృత అకాడమీని వేరుగా ఏర్పరచుకొంది. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉండే గడువు 2024 జూన్ 2న తీరింది. ఆ తరువాత నెల రోజులకు, జులై 6న, ఇరు రాష్ట్రాల ముఖ్యమంత్రులు హైదరాబాదులో సమావేశమై, మిగిలిన అంశాలను తేల్చడానికి అధికారులతో ఒకటి, మంత్రులతో ఒకటి చొప్పున కమిటీలు వేయాలని నిర్ణయించారు.